ఒక్కదాన్నే వెళ్లడానికి, అందరూ చెప్పే ఊళ్లు కాకుండా ఇంకేమైనా ఉన్నాయా?

కిటికీసీటు:

పోయిన ఏడాది మొదటిసారి ఒక్కదాన్నే ఒక పేరున్న నగరానికి వెళ్లి ఆరు రోజులు ఉండి వచ్చాను. ఇబ్బంది ఏమీ జరగలేదు, నిజం చెప్పాలంటే బాగానే ఉంది, కానీ ఎక్కడ చూసినా క్యూలే, ఏ వంతెన మీద నిలబడినా పక్కన నలభై మంది ఫోన్లు పైకెత్తి ఉన్నారు. ఒంటరిగా ఉందామని వెళ్లి తిరునాళ్లలో తిరిగొచ్చినట్టయింది.

ఈసారి పది పన్నెండు రోజులు దొరికాయి. వెతుకుతుంటే "ఎవరికీ తెలియని పది చోట్లు" అని పేరు పెట్టి లోపల మళ్లీ ఐస్‌లాండ్, బాలి, లిస్బన్, క్యోటో. అవి ఎవరికి తెలియవో నాకైతే అర్థం కాలేదు.

నేను కోరుకునేది పెద్దదేం కాదు. నడవడానికి బాగుండాలి, బండి నడపడం నాకు రాదు కాబట్టి బస్సో రైలో ఉండాలి, సాయంత్రం ఏడింటికి బయట కాసేపు కూర్చుంటే ఎవరో ఒకరు "ఒక్కరే వచ్చారా, మీ వాళ్లు ఏరి" అంటూ పక్కన చేరకూడదు. భయం కన్నా నాకు ఆ విసుగే ఎక్కువ. పార్టీలు, డైవింగ్ లాంటివి వద్దు. ఏ దేశమైనా పర్లేదు. మీరు స్వయంగా వెళ్లిన చోట్లైతే చెప్పండి, చదివినవి వద్దు, చదవడం నేనూ చాలానే చదివాను.

రెండోబస్సు:

నాకు తెలిసిన చిట్కా ఒకటే. పేరున్న ఊరికి వెళ్లే బస్సే ఎక్కాలి, అందరూ దిగే చోట మాత్రం దిగకూడదు.

స్లొవేనియాలో జనమంతా బ్లెడ్‌లో దిగిపోతారు. సరస్సు మధ్యలో దీవి, దీవి మీద చర్చి, ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. అదే దారిలో ఇంకో ముప్పావుగంట కూర్చుంటే బోహిన్ సరస్సు వస్తుంది. బ్లెడ్ కన్నా పెద్దది, త్రిగ్లావ్ నేషనల్ పార్క్ లోపల ఉంటుంది కాబట్టి ఒడ్డున హోటళ్లు వరసగా లేచిపోలేదు. రాజధాని లుబ్లియానా నుంచి మొత్తం రెండు గంటల ప్రయాణం. సరస్సు చుట్టూ నడిస్తే దాదాపు 12 కిలోమీటర్లు, ఆగుతూ పోతే నాలుగు గంటలు పడుతుంది. ఉత్తరపు ఒడ్డున రోడ్డు లేదు, అడవిలో కాలిబాటే, దక్షిణం వైపు మాత్రం కార్లు తిరుగుతాయి. అందుకని ఉత్తరం వైపు నడిచి, కాళ్లు నొప్పులు పుట్టాక దక్షిణం వైపు బస్సు పట్టుకోవడం నా పద్ధతి.

నేను సెప్టెంబర్‌లో నాలుగు రోజులు ఉన్నాను. ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే అదే బెంచీ మీద కూర్చుని ఏదో అల్లుకుంటూ ఉండేది, మూడో రోజుకి నన్ను చూసి తలూపడం మొదలుపెట్టింది, మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ ఏడాది నాకు దొరికిన మంచి స్నేహం అదే అనుకోండి.

లుబ్లియానాలో కూడా రెండు రోజులు పెట్టుకోండి. ఊరి నడిబొడ్డున కార్లు తిరగనివ్వరు, 2016లో యూరోపియన్ గ్రీన్ క్యాపిటల్ అని బిరుదు కూడా ఇచ్చారు. నది ఒడ్డున మెట్ల మీద రాత్రి తొమ్మిదింటిదాకా పుస్తకం చదువుకుంటూ కూర్చున్నా ఎవరూ పట్టించుకోలేదు. మీరడిగింది ఇదే కదా. వాన మాత్రం జాస్తి, ముఖ్యంగా బోహిన్ వైపు. మంచి రెయిన్ జాకెట్ లేకుండా వెళ్లొద్దు.

ప్రయాణాల_మామ:

అమ్మా, ఈ రోజుల్లో ఒంటరిగా ఎందుకు, ఇరవై మంది ఉండే గ్రూప్ టూర్‌లో వెళ్తే బస, బస్సు, టికెట్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు, సేఫ్టీకి సేఫ్టీ, కంపెనీకి కంపెనీ. వేరేగా అనుకోవద్దు.

కిటికీసీటు:

ఏమీ అనుకోలేదండి. తిరునాళ్ల సంగతి పైన రాశాను, ఒకసారి చూడండి.

పాతబూట్లు:

నడుస్తానన్నారు కాబట్టి చెప్తున్నా, జపాన్‌లో షికోకు. క్యోటోకి వచ్చే జనంలో ఇటు వచ్చేవాళ్లు బాగా తక్కువ. ఆ దీవి చుట్టూ 88 గుళ్లు ఉన్నాయి, కూకాయ్ అనే పాతకాలపు బౌద్ధ గురువు పేరు మీద సాగే యాత్ర అది. మొత్తం దారి దాదాపు 1,200 కిలోమీటర్లు, నడిస్తే నెలన్నర దాకా పడుతుంది. అంతా ఒకేసారి చెయ్యక్కర్లేదు, ఏటా ఒక ముక్క చేసుకుంటూ పోయేవాళ్లు అక్కడివాళ్లలోనే బోలెడుమంది. నేను తొకుషిమా దగ్గర మొదలుపెట్టి ఎనిమిది రోజులు నడిచాను. మొదటి పది గుళ్లు దగ్గర దగ్గరగా, ఎక్కువభాగం చదును నేల మీదే ఉంటాయి, తొందర పడకుండా నడిచినా మూడు రోజులు చాలు. 11వ గుడి నుంచి 12కి వెళ్లే కొండదారి మాత్రం మోకాళ్లు తినేస్తుంది, అలాంటి దారులకి వాళ్లు పెట్టుకున్న పేరుకి అర్థమే "యాత్రికుల్ని దొర్లించేది" అని.

నాకు ఆ దారి నచ్చడానికి అసలు కారణం వేరే. యాత్రికులు తెల్ల పైచొక్కా, గడ్డి టోపీ వేసుకుంటారు, వాటి మీద "దోగ్యో నినిన్" అని రాసి ఉంటుంది. ఇద్దరం కలిసి నడుస్తున్నాం అని దానర్థం, ఆ రెండో మనిషి కూకాయ్ అన్నమాట. అంటే ఒక్కరే నడిచేవాళ్లని అక్కడ ఎవరూ ఒంటరివాళ్ల కింద లెక్కెయ్యరు. నేనేమీ పెద్ద భక్తురాల్ని కాదు, కానీ ఆ చొక్కా తొడిగిన రోజు నుంచి ఎందుకొచ్చావు, ఎవరితో వచ్చావు అన్న ప్రశ్నలు ఆగిపోయాయి, జవాబు వీపు మీదే రాసి ఉంది కదా మరి. పైగా దారిన పోయేవాళ్లు ఆగి ఏదో ఒకటి చేతిలో పెట్టి వెళ్తారు, ఒసెత్తాయ్ అంటారు, వద్దనకూడదట. తీసుకుని దణ్ణం పెట్టి ముందుకెళ్లడమే, కూర్చుని కబుర్లు చెప్పాల్సిన పని లేదు.

గుళ్లలో యాత్రికుల పుస్తకంలో ముద్ర వేసే ఆఫీసు సాయంత్రం 5 గంటలకి మూసేస్తారు కాబట్టి రోజంతా ఆ గడియారం ప్రకారమే నడుస్తుంది, చీకటి పడ్డాక దారి మీద ఉండే అవసరమే రాదు. చిన్న చిన్న బసల్లో ముందే అడుగుతారు, ఎన్నింటికి చేరతారు అని. ఏదో ఫార్మాలిటీ అనుకుని ఒకరోజు గంట ఆలస్యంగా వెళ్తే, ఇంటావిడ గొడుగు పట్టుకుని మలుపు దాకా వచ్చేసి ఉంది. తిట్టింది కూడా. భాష రాకపోయినా తిట్టు తెలిసిపోతుంది.

చాలామంది కుమానో కోదో అనే ఇంకో యాత్రా దారి గురించి కూడా చెప్తారు, జపాన్‌లోనే, కీయి కొండల్లో. అదీ మంచిదే, పాతకాలం నుంచీ ఆడవాళ్లని రానిచ్చిన యాత్ర. తమాషా ఏంటంటే 2004లో యునెస్కో వాళ్లు ఆ దారిని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టినప్పుడు దానితో పాటే కలిపిన ఓమినే కొండ మీదికి ఇప్పటికీ ఆడవాళ్లని రానివ్వరు, దారి మొదట్లోనే బోర్డు ఉంటుంది. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తున్నాయి కదా అని అటు ప్లాన్ చేసుకోకండి.

ఉప్పుగాలి:

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, తిట్టుకోకండి. "ఎవరికీ తెలియని చోటు" అనేది వీడియోల్లో అమ్మే సరుకు. జనం లేని చోట వెంటపడేవాడు ఉండడు, నిజమే, పిలిస్తే పలికేవాళ్లూ ఉండరు. ఆడదానికి ఈ రెండోది మొదటిదానికన్నా తక్కువ సమస్యేం కాదు.

ఒక చిన్న దీవికి వెళ్లాను, పేరు చెప్పను. చివరి పడవలో సాయంత్రం దిగాను, గెస్ట్‌హౌస్ ఓనర్ తాళాలు బయట పెట్టెలో ఉంటాయి, పెట్టె నంబర్ మెసేజ్ చేస్తానన్నాడు. చేశాడు. అది నాకు రెండు రోజుల తర్వాత, సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చాక అందింది. ఆ రాత్రి వానలో తలుపు ముందు గంటన్నర నిలబడి, తిరిగి రేవు దాకా నడిచి వెళ్తే టికెట్ కౌంటర్ ఆవిడ అప్పుడే తాళం వేసి బయల్దేరుతోంది. వాళ్లింటికి తీసుకెళ్లి సోఫా మీద పడుకోబెట్టింది. ఆవిడ ఐదు నిమిషాలు ముందు వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

అప్పటినుంచీ నేను వెతికేది తెలియని చోటు కాదు. మనం వచ్చామనీ, తిరిగి వెళ్లామనీ ఎవరో ఒకరు లెక్క చూసుకునే చోటు. పోర్చుగల్‌కి చెందిన అజోర్స్‌లో అలాంటిది దొరికింది. అట్లాంటిక్ మధ్యలో తొమ్మిది దీవులు, జనం ఎక్కువగా సావ్ మిగెల్‌కే పోతారు. నేను ఫయాల్ దీవిలో ఓర్తా అనే ఊళ్లో దిగి, అక్కణ్నుంచి పికోకి వెళ్లాను, పడవలో అరగంట. పికో కొండ 2,351 మీటర్లు, పోర్చుగల్ మొత్తంలో ఎత్తైనది. ఎక్కాలంటే ముందు కింద ఆఫీసులో పేరు రాయించుకోవాలి, ఒక జీపీఎస్ పరికరం చేతికిస్తారు, దిగొచ్చి అది తిరిగి ఇచ్చేదాకా మన లెక్క వాళ్ల దగ్గర తెరిచే ఉంటుంది. నేను సగం దాకా వెళ్లేసరికి మబ్బు కమ్మేసింది, దిగొచ్చేశాను. కౌంటర్‌లో అమ్మాయి నా పేరు పక్కన టిక్ పెట్టుకుంది. శిఖరం ఎక్కకపోయినా ఆ టిక్ చూసి నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పికోలో బస్సులు చాలా తక్కువ, మీకు బండి రాదన్నారు కాబట్టి టాక్సీలే గతి. వాతావరణం బాగోకపోతే పడవలు, చిన్న విమానాలు ఆగిపోతాయి, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా వదిలిపెట్టండి.

చీకటిపడకముందే:

ఉప్పుగాలి గారూ, మీ తాళం పెట్టె కథ చదివి నా పాత కథ గుర్తొచ్చింది. అది తర్వాత.

ముందు ఒక మాట, ర్యాంకులు చూసి దేశం ఎంచుకోకండి. గ్లోబల్ పీస్ ఇండెక్స్‌లో ఐస్‌లాండ్ 2008 నుంచీ మొదటి స్థానంలోనే ఉంది, సంతోషం, కానీ ఆ లెక్కలో చూసేవి యుద్ధాలు, ఆయుధాలు, హత్యలు, జైళ్లు లాంటివి. బస్టాండ్‌లో మన వెనకే దిగి వెనకే నడిచేవాడు అందులో రాడు. ఆడవాళ్ల కోసం విడిగా విమెన్, పీస్ అండ్ సెక్యూరిటీ ఇండెక్స్ అని ఒకటుంది, జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్లు ఓస్లోలోని ఒక పరిశోధన సంస్థతో కలిసి చేస్తారు, అందులో రాత్రిపూట తమ పేటలో ఒంటరిగా నడవడానికి ఆడవాళ్లకి ధైర్యంగా ఉంటుందా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. అది కాస్త నయం. అయినా అది అక్కడే పుట్టి పెరిగినవాళ్ల మాట, పెట్టె లాక్కుంటూ కొత్తగా దిగిన మన మాట కాదు.

నేను చూసేవి చిన్న విషయాలు. చివరి బస్సు ఎన్నింటికి, అదీ బస్సు కంపెనీ టైంటేబుల్‌లో చూస్తాను, బ్లాగుల్లో రాసినవి నమ్మను. ఏ కొత్త ఊరికైనా మధ్యాహ్నం రెండు లోపు చేరేలా పెట్టుకుంటాను, ఆ బస తేడాగా అనిపిస్తే ఇంకోటి వెతుక్కోవడానికి వెలుగు ఉండాలి కదా. మొదటి రెండు రాత్రులకి క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగే చేస్తాను. రివ్యూలు కింద నుంచి చదువుతాను, అంటే తక్కువ మార్కులు వేసినవాళ్లవి ముందు, అందులోనూ ఒక్కరే వెళ్లిన ఆడవాళ్లవి.

ఈ చివరిది అనుభవం మీద నేర్చుకున్నది. ఒక ఊళ్లో ఒక ఇంట్లో గది తీసుకున్నాను, మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఇంటాయన తమ్ముడు తలుపు కొట్టాడు, టీవీ పనిచేస్తోందా అని. గంట తర్వాత మళ్లీ, వేడినీళ్లు వస్తున్నాయా అని. తలుపుకి లోపల గొళ్లెం లేదు. కుర్చీ అడ్డం పెట్టి, బట్టలు మార్చుకోకుండా, బూట్లతోనే కూర్చుని తెల్లారగానే బయటపడ్డాను. తర్వాత పాత రివ్యూలు తిరగేస్తే ఇద్దరు అమ్మాయిలు ఎంతో మర్యాదగా ఒకే మాట రాసి ఉన్నారు, "చాలా స్నేహంగా ఉంటారు, కొంచెం ఎక్కువే." ఆ "కొంచెం ఎక్కువే" అనే మాట ఇప్పుడు ఎక్కడ కనిపించినా నేను ఆ బస ముఖం చూడను. మీరు కూడా రాసేటప్పుడు మొహమాటం లేకుండా రాయండమ్మా, తర్వాత వచ్చేది ఇంకో ఆడపిల్లే.

ఇంకోటి, ఆస్పత్రి దూరంగా ఉన్న చోట మద్యం విషయంలో జాగ్రత్త. లావోస్‌లో వాంగ్ వియెంగ్ అనే ఊళ్లో 2024 నవంబర్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ ప్రయాణికులు చనిపోయారు. మిథనాల్‌తో చిక్కేంటంటే మొదట మామూలు హ్యాంగోవర్ లాగే ఉంటుంది, చూపు మసకబారేసరికి ఆలస్యమైపోతుంది. ఎవరో ఊరికే పోసిచ్చే గ్లాసులు ముట్టుకోకండి. మీరు పార్టీలు వద్దన్నారనుకోండి, చదివే మిగతావాళ్ల కోసం.

గాలిపటం:

ఒక్క ముక్కలో నావి. తైవాన్‌లో తైనాన్. జనం తైపేలోనే ఆగిపోతారు, ఇది ఆ దీవిలో అన్నిటికన్నా పాత నగరం, 1624లో డచ్చివాళ్లు కోట మొదలుపెట్టిన చోటు. సందుల్లో పనిలేకుండా తిరగడానికి ఇంతకన్నా మంచి ఊరు నేను చూడలేదు. హైస్పీడ్ రైలు స్టేషన్ ఊరికి దూరం, అక్కడ దిగి లోకల్ రైలు పట్టుకోవాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా తుఫాన్లు.

రెండోది ఎస్టోనియాలో కిహ్ను. వేలెడంత దీవి, మునలాయిద్ రేవు నుంచి పడవలో గంట. మగవాళ్లు తరతరాలుగా సముద్రం మీదే ఉండటంతో పొలం, ఇల్లు, పండగ అన్నీ ఆడవాళ్ల చేతిలోనే నడిచాయి, ఆ సంప్రదాయాన్ని యునెస్కో కూడా గుర్తించింది. చారల ఉన్ని పావడాలు కట్టుకున్న పెద్దవాళ్లు సైడ్‌కార్ ఉన్న మోటార్‌సైకిళ్ల మీద దూసుకుపోతుంటే చూసి నేను దారి పక్కన నిలబడి నవ్వుకున్నాను. అక్కడ ఒంటరి ఆడమనిషి వింత కాదు. సైకిల్ అద్దెకి తీసుకుంటే ఒక్క రోజులో దీవంతా అయిపోతుంది, కాబట్టి తార్తుతో కలిపి వేసుకోండి, అది 1632 నాటి యూనివర్సిటీ ఉన్న ఊరు, పుస్తకం పట్టుకుని ఒక్కరే కూర్చునేవాళ్లే సగం మంది.

ఉరుగ్వేలో కాబో పొలోనియో కూడా చెప్దామనుకున్నాను. రోడ్డు లేదు, ఇసుక దిబ్బల మీదుగా ట్రక్కులో వెళ్లాలి, ఇళ్లకి కరెంటు లైన్ లేదు, రాత్రి నక్షత్రాలు చూస్తే ఏడుపొస్తుంది. కానీ ఉప్పుగాలి గారి పోస్టు చదివాక, మొదటిసారి అలాంటి చోటికి పంపడం ఎందుకులే అనిపించింది. ఎప్పుడైనా వెళ్తే జనం ఉండే వేసవిలోనే వెళ్లండి, అక్కడ వేసవి అంటే డిసెంబర్, జనవరి.

కిటికీసీటు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్, ఒకటికి రెండుసార్లు చదివాను. "కొంచెం ఎక్కువే" అన్నది నా ఫోన్‌లో నోట్ చేసుకున్నాను. ఇంకో ప్రశ్న. నా ఫ్రెండ్ రువాండా చాలా సేఫ్ అంటోంది, పార్లమెంట్‌లో సగానికి పైగా ఆడవాళ్లేనట. ఎవరైనా వెళ్లారా?

పాతబూట్లు:

వెళ్లాను. పార్లమెంట్ సంగతి నిజమే, దిగువ సభలో అరవై శాతం దాటారు. రాజధాని కిగాలీ శుభ్రంగా ఉంటుంది, చీకటి పడ్డాక కూడా పెద్ద వీధుల్లో నడిచాను. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లొద్దు, 2008 నుంచి నిషేధం. నెలలో ఆఖరి శనివారం పొద్దున ఉముగాండా అని ఊరంతా వీధులు బాగు చేసుకునే పని ఉంటుంది, దుకాణాలు, బస్సులు మధ్యాహ్నం దాకా కదలవు, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి.

కానీ మీకు విసుగు వద్దన్నారు చూడండి, పల్లెల్లో నడుస్తుంటే పిల్లలు గుంపుగా వెంట నడుస్తారు, పలకరిస్తూనే ఉంటారు. నాకు ముచ్చటగానే ఉండేది, రెండో గంట దాకా. అక్కడ మంచి నడక కీవూ సరస్సు పక్కన 227 కిలోమీటర్ల కాంగో నైల్ ట్రెయిల్, అది మొదలయ్యే రుబావు పట్టణం కాంగోలోని గోమాకి ఆనుకునే ఉంటుంది. 2025 జనవరిలో గోమా తిరుగుబాటుదారుల చేతిలోకి పోయింది. ఆ సరిహద్దు వైపు నేనైతే ఇప్పుడు వెళ్లను. మీ ఫ్రెండ్ తోడొస్తానంటే అప్పుడు ఆలోచించండి, ఈ ట్రిప్‌కి వద్దు.

కిటికీసీటు:

సరే, తేల్చేసుకున్నాను. ఈసారి లుబ్లియానా, బోహిన్. షికోకుకి మోకాళ్లు సిద్ధం చేసుకుని వచ్చే ఏడాది వెళ్తాను, చొక్కా సంగతి విన్నాక వెళ్లకుండా ఉండలేను. రెండోబస్సు గారూ, సెప్టెంబర్ రెండో సగంలో అనుకుంటున్నాను, విమానం శనివారం రాత్రి దిగుతుంది, ఆదివారమే బోహిన్ బస్సు ఎక్కెయ్యొచ్చా? ఏ వైపు కిటికీ మంచిది?

రెండోబస్సు:

ఆదివారం వద్దు, ఆ రోజు బస్సులు తగ్గిస్తారు, పైగా వారాంతానికి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చే రోజు. ఆదివారం లుబ్లియానాలో కాళ్లు బారజాపుకుని సోమవారం పొద్దున ఎక్కండి. ఏ కిటికీ అయినా పర్లేదు. దిగడం దగ్గరే జాగ్రత్త. సరస్సుకి ఆరు కిలోమీటర్ల ముందే బోహిన్‌స్కా బిస్త్రిత్సా అని ఇంకో ఊరొస్తుంది, డ్రైవర్ నోట బోహిన్ అని వినపడగానే పెట్టె పట్టుకుని దిగిపోకండి. నేను దిగిపోయాను. మీరు దిగాల్సింది రిబ్చెవ్ లాజ్‌లో, బస్సు దిగి నాలుగడుగులేస్తే నీళ్లు కనిపిస్తాయి.